పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు మరమ్మతు, ఆ తర్వాతే హంగులు

సంపాదకుల వారికి,

నమస్కారం.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలను బాగుచేసుకుని నడుపుకోవాలన్న ఆసక్తి పెరుగుతున్నకొద్దీ, వాటి గురించి వస్తున్న రాతలు ఎక్కువగా ఎత్తు పెంచిన బాడీల చుట్టూ, వెడల్పాటి టైర్ల చుట్టూ, బంపరు మీది లైట్ల వరుసల చుట్టూ తిరుగుతున్నాయి. సెలవు రోజున సరదాగా తిప్పే బండికి అవి చాలునేమో గానీ, రోజూ తెల్లవారగానే పనిముట్లను, సామానును, మనుషులను ఎక్కించుకుని మట్టిదారుల్లోకి వెళ్లి చీకటి పడేలోగా తిరిగి రావలసిన బండి సంగతి వేరు. అలాంటి బండిని ముందుగా తయారైన నాటి స్థితికి తీసుకురావాలి. ఆ తర్వాత పనికి అవసరమైన మార్పులు మాత్రమే చేయాలి. అందులోనూ బండి ఆగడం, తిరగడం, బరువు మోయడం సరిగ్గా ఉన్నాయని తేలాకే ఇంజిన్ బలం గురించి ఆలోచించాలి. ఈ క్రమాన్ని పాఠకుల ముందు పెట్టడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరీక్ష బండి మొత్తాన్ని మోసే చట్రమైన ఛాసిస్ దగ్గర మొదలు కావాలి. 1948లో వచ్చిన ల్యాండ్ రోవర్‌కు, యుద్ధం తర్వాతి ఉక్కు కొరత కారణంగా, బాడీ రేకులను అల్యూమినియం మిశ్రమంతో చేశారు; ఛాసిస్ మాత్రం ఉక్కుదే. అందువల్ల పైన రేకులు చెక్కుచెదరకుండా ఉండి, కింద ఛాసిస్‌కు చిల్లులు పడిన బండ్లు వాటిలో కనిపిస్తాయి. పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ దూలంలోకి బురద చేరితే అది తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే గట్టి లోహం ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుబారుతుంది. కమాన్ కట్టల బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, వెనుక అడ్డ దూలం మరింత శ్రద్ధగా చూడవలసినవి. తుప్పు మీదే నల్లటి పూత పూసి అమ్మకానికో వాడకానికో సిద్ధం చేయడం నా దృష్టిలో మరమ్మతు కాదు. ఆ పూత కింద తేమ చిక్కుకుని తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. చెడిన భాగాన్ని కోసి, అసలు మందానికి తగ్గని ఉక్కు ముక్కను వెల్డింగ్ చేసి, దూలం లోపలికి మైనపు రకం రక్షణ ద్రవాన్ని కొట్టించి, నీరు కారే రంధ్రాలు పూడిపోకుండా చూసుకుంటేనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

బ్రేకుల విషయంలో నిర్లక్ష్యానికి తావు లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. బరువుతో పొడవాటి వాలు రోడ్డు దిగుతున్నప్పుడు పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ నేలను తాకినా బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చడం, బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసుకుపోయే రబ్బరు గొట్టాలను కొత్తవి వేయడం పెద్ద పనులేమీ కావు. నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్‌తో, అంటే ఒకే ఆయిల్ దారితో, నడిచే బ్రేకులున్న బండికి, ముందు వెనుక చక్రాలకు వేరువేరు సర్క్యూట్లు ఉండే మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే భాగం) అమర్చడమే నేను మొదట సిఫారసు చేసే మార్పు. ఒక గొట్టం పగిలినా రెండు చక్రాలైనా బండిని ఆపుతాయి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఆ తర్వాతి మెట్టు. నీళ్లలోంచి బయటికి వచ్చాక డిస్కులు డ్రమ్ముల కంటే త్వరగా ఆరి పట్టు చూపిస్తాయి. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, డ్రమ్ములోని ధూళిని గాలి గొట్టంతో ఊదకూడదు. తడి గుడ్డతో తుడిచి తీయాలి.

ఇక ఫోర్ వీల్ డ్రైవ్ విషయం. పాత బండ్లలో చాలావాటికి ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్, అంటే వేగాల తేడాను సర్దే గేర్ల అమరిక, ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి, కానీ ఇంజిన్ బలాన్ని రెండు యాక్సిళ్లకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు షాఫ్టులనూ ఒకే వేగానికి కట్టిపడేస్తుంది. ఇసుకలో, బురదలో అయితే ఏదో ఒక చక్రం కొద్దిగా జారి ఆ తేడా సర్దుకుపోతుంది. గట్టి రోడ్డు మీద ఆ సర్దుబాటుకు వీలుండదు, బిగువంతా గేర్ల మీద, షాఫ్టు కీళ్లయిన క్రాసుల మీద పడుతుంది. ఫోర్ వీల్ లివరు వెనక్కి రానని మొరాయిస్తోందని ఫిర్యాదు చేసేవారి బండ్లలో చాలాసార్లు కారణం ఇదే. ముందు, వెనుక టైర్ల చుట్టుకొలతలు సమానంగా లేకపోతే తిన్నటి దారిలోనూ ఇదే బిగువు పుడుతుంది. అందుకే అరిగిన రెండు టైర్లకు తోడు కొత్తవి రెండు వేసి సరిపెట్టుకోవడం ఈ బండ్లలో పొదుపు కాదు. మరోవైపు, ఫోర్ వీల్‌ను నెలల తరబడి వాడకపోయినా నష్టమే. నెలకోసారి వదులు నేల మీద కొంత దూరం అలా నడిపితే లోపలి భాగాలన్నిటికీ ఆయిల్ అందుతుంది.

ఆయిల్ ఎంపికలో జరిగే పొరపాటు కూడా ఖరీదైనదే. వెనుక డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ రకం గేర్లకు జీఎల్ 5 రకం గేర్ ఆయిల్ అవసరం. అదే ఆయిల్‌ను, గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపే ఇత్తడి సింక్రొనైజర్ రింగులున్న పాత గేర్ బాక్సులో పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడిని తినేయవచ్చు; అక్కడ జీఎల్ 4 పోయాలని తయారీదారు చెప్పి ఉంటే అదే పోయాలి. వాగు దాటే బండ్లకు ఇంకో ప్రమాదం ఉంది. వేడెక్కిన యాక్సిల్ చన్నీళ్లలో మునిగినప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. శ్వాసనాళంగా ఉండే బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆ పీల్పు ఆయిల్ సీళ్ల గుండా నీళ్లను లాగుతుంది, కొద్ది రోజులకే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. బ్రీదర్‌కు సన్నటి గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తుగా కట్టడం, ఖర్చుతో పోలిస్తే ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకొకటి నాకు తెలియదు.

పెద్ద టైర్ల మోజు గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. 28 అంగుళాల వ్యాసం ఉన్న టైరు తీసేసి 31 అంగుళాలది వేస్తే యాక్సిల్ కింద ఖాళీ పెరిగేది ఒకటిన్నర అంగుళమే. చుట్టుకొలత మాత్రం దాదాపు 11 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 60 చూపుతున్నప్పుడు బండి నిజంగా 66 కిలోమీటర్ల వేగం మీద ఉంటుంది. ప్రతి గేరులోనూ బండి లాగుడు బలం అంత మేర తగ్గుతుంది, క్లచ్ మీద భారం పెరుగుతుంది, అదే బ్రేకు అంతకంటే పెద్ద చక్రాన్ని ఆపవలసి వస్తుంది. కమాన్లను ఎత్తు చేయిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు ఎక్కువై క్రాసులు త్వరగా అరుగుతాయి, గరిమనాభి పైకి జరిగి బండి పక్కకు పడే గుణం పెరుగుతుంది. పనిబండికి కావలసింది మోయవలసిన బరువుకు తగిన లోడ్ సూచిక (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) ఉన్న, అసలు కొలతకు దగ్గరి టైరు. టైరు వయసు కూడా చూడాలి. పక్కన ముద్రించే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. అదనపు కమాన్ పట్టీలు వేయించినంత మాత్రాన ఛాసిస్, యాక్సిళ్లు, బ్రేకుల సామర్థ్యం పెరగదని, తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు అలాగే ఉంటుందని యజమానులు గ్రహించాలి.

స్టీరింగ్ వణుకు వచ్చినప్పుడు చాలా చోట్ల అదురును అణిచే కొత్త డ్యాంపర్ వేసి పంపేస్తారు. దానితో వణుకు కొన్నాళ్లు దాగుతుంది, అంతే. స్టీరింగ్ కీళ్లలోని కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ చివరలు, బుష్షులు ఒక్కొక్కటిగా చూసి అరిగినదాన్ని మార్చాలి.

పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెట్టేవారు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డులో ఏర్పడే వాక్యూమే, పెడల్‌కు బలం తోడిచ్చే బ్రేకు సర్వోకు సాయపడుతుంది. సాధారణ డీజిల్ ఇంజిన్‌లో అది తగినంత ఉండదు కాబట్టి వాక్యూమ్ పంపు విడిగా ఉండి తీరాలి. అసలు ఇంజిన్ కంప్రెషన్ బాగుంటే, రేడియేటర్ శుభ్రం చేయించి, థర్మోస్టాట్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ తర్వాతి గొట్టానికి పగుళ్లు లేకుండా చూసుకుంటే చాలు. ఆ గొట్టంలో వచ్చిన చిన్న చీలిక గుండా పోయే దుమ్ము పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

విద్యుత్ పనుల్లో ముందు ఎర్త్ వైర్లు శుభ్రం చేసి బిగించాలి. పాత బండ్లలో హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా వెళ్తుంది. రెండు 60 వాట్ల బల్బులకు పది ఆంపియర్లు కావాలి. దారిలో వోల్టేజి పది శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, రిలేలతో (పాత స్విచ్ నుంచి వచ్చే కొద్ది కరెంటుతో పనిచేసే విద్యుత్ మీటలు) నేరుగా కరెంటు అందిస్తే పాత లైట్లే చక్కగా వెలుగుతాయి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించారు. అయినా ఆ తర్వాత చాలా కాలం వచ్చిన పనిబండ్లలో అది అన్ని సీట్లకూ ఉండేది కాదు. రోజూ కూలీలను, సహోద్యోగులను ఎక్కించుకునే యజమాని, పల్చటి రేకుకు కాక బలపరిచిన చోట్లకు బిగించి బెల్టులు పెట్టించడం తన బాధ్యతగా తీసుకోవాలని మనవి.

మీ పత్రిక ఇకపై ఇలాంటి బండి ఫొటో ఏదైనా ప్రచురించినప్పుడు, దానికి వేసిన టైరు అసలు కొలత కంటే ఎంత పెద్దదో, ఆ మార్పు తర్వాత నిండు బరువుతో బ్రేకును పరీక్షించారో లేదో, ఎత్తు పెంచాక షాఫ్టు వంపును సరిచేశారో లేదో యజమానిని అడిగి, ఆ సమాధానాలను కూడా ఫొటో కిందే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు