కణితికి నెత్తురు దారులు వేసేదెవరు?

విజయనగరం

ప్రియమిత్రమా,

పలాస నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. మీ అప్పకు కీమోతో పాటు ఎక్కిస్తున్న బెవాసిజుమాబ్ కణితికి కొత్త రక్తనాళాలు రాకుండా చూసే మందని డాక్టరు చెప్పారనీ, అసలు ఆ నాళాలను ఎవరు పుట్టిస్తారనీ అడిగావు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకొనేవాణ్ణి కదిపావు కనుక, కాస్త పొడుగైనా విసుక్కోకు.

ప్రాణవాయువు నెత్తురు నుంచి కణజాలంలోకి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు దూరమే పోగలదు. అందుకే సొంత నాళాలు లేని కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగలేదని బోస్టన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. ప్రాణవాయువు చాలని కణాలలో, మామూలుగా పుట్టిన వెంటనే నశించే హిఫ్ అనే ప్రోటీన్ నిలిచిపోయి, వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను విరివిగా తయారు చేయిస్తుంది. అది సోకిన పక్క నాళాల లోపొర కణాలు విభజన చెంది, కణితి వైపు మొలకలెత్తుతాయి.

నాకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచేది, ఈ పనికి మన మంచి కణాలే కూలికి కుదరడం. గాయాన్ని శుభ్రం చేయవలసిన మాక్రోఫేజ్‌లు కణితి పంపే కబురుకు వచ్చి చేరి, తామూ వీఈజీఎఫ్ వదులుతాయి. వాపుతో వచ్చిన తెల్లకణాలు ఎంఎంపీ-9 అనే ఎంజైముతో కణాల నడుమ ఉన్న అల్లికను కోసి, అందులో చిక్కుకొని ఉన్న వీఈజీఎఫ్‌ను బయటికి వదిలిస్తాయి. ఆ అల్లికను నేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు కూడా తమ వంతు సంకేతాలు కలుపుతాయి. కణితి అంటే మానని పుండు అని పాథాలజీ శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరాక్ 1986లో రాసినది ఇందుకే.

అలా వచ్చిన నాళాలు సవ్యమైనవీ కావు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకచోట ఉబ్బి, మరోచోట నొక్కుకుపోయి, గోడ అతుకుల దగ్గర కారుతూ, మదుము లేని కాలువల్లా ఉంటాయి. నెత్తురు సరిగా పారదు. కొన్నిచోట్ల ప్రాణవాయువు మళ్లీ కరువై, వీఈజీఎఫ్ ఇంకా పెరుగుతుంది. కీమో మందు కూడా అన్ని మూలలకూ చేరదు.

అమెరికాలో 2004లో పెద్దపేగు క్యాన్సరుకు అనుమతి పొందిన బెవాసిజుమాబ్, ఈ వీఈజీఎఫ్‌ను దారిలోనే పట్టేస్తుంది. అయితే చుట్టూ ఉన్న కణాల చేతిలో వేరే సంకేతాలూ ఉండటం వల్ల, ఈ దారి మూస్తే కణితి మరో దారి వెతుక్కోగలదు. ఆ ఒక్క మందుతోనే సరిపెట్టకపోవడానికి అదీ ఒక కారణం. పైగా మామూలు గాయం మానడానికీ వీఈజీఎఫే కావాలి, ఈ మందుతో బీపీ పెరగడం కూడా ఉంది. కనుక అప్పకు బీపీ తరచూ చూపించు. పన్ను తీయించాలన్నా, చిన్న కోత పడాలన్నా ఆ డాక్టరును అడగకుండా ముందుకు వెళ్లవద్దని చెప్పు.

నీ
మిత్రుడు