మిల్వాకీ నుంచి అమ్మకు

అమ్మకు నమస్కారాలు.

చిన్నోడి కడుపునొప్పి, విరేచనాలు నీళ్లతో వచ్చే జియార్డియా అనే సూక్ష్మజీవి వల్లేనని తేలిందని వదిన చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడించండి, తగ్గిందని మధ్యలో ఆపొద్దు.

"సంపులో బ్లీచింగ్ వేయించాను, కుళాయికి గుడ్డ కట్టాను, ఇంకెలా వచ్చిందే?" అని అడిగావు కదా. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నారికురుపు అనే పురుగు జబ్బు ఉన్న రోజుల్లో నీళ్లు గుడ్డలో వడకట్టేవాళ్లని నువ్వే చెప్పావు. అది మంచి పద్ధతేనమ్మా. ఆ పురుగు పిల్లల్ని మోసే సైక్లాప్స్ అనే చిన్న నీటి జీవులు గుడ్డలో ఆగేంత పెద్దవి. మన దేశంలో ఆ జబ్బు పోయిందని 2000లో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరించింది కూడా. కానీ జియార్డియా మిల్లీమీటరులో దాదాపు నూరో వంతు ఉంటుంది. క్రిప్టోస్పోరిడియం అనే ఇంకోటి అందులో సగమే. గుడ్డ నేతలోంచి రెండూ సులువుగా జారిపోతాయి. చుట్టూ గట్టి పెంకు ఉండడంతో జియార్డియాకి బ్లీచింగ్ త్వరగా పట్టదు, క్రిప్టోకైతే దాదాపు పనిచేయదు.

నేనుంటున్న ఈ ఊళ్లోనే 1993లో ఆ క్రిప్టో మంచినీళ్లలోకి వచ్చి సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. బ్లీచింగ్‌లో ఉండే క్లోరిన్ ఆ నీళ్లలోనూ ఉంది, అయినా దాన్ని ఆపలేకపోయింది. నీళ్లు వడగట్టే చోట పని సరిగ్గా జరగలేదు. ఆ తర్వాతే ఇక్కడ ఓజోన్ అనే వాయువుతో శుద్ధి చేయడం మొదలుపెట్టారు. ఇంత పెద్ద ఊరికే అలా జరిగితే పెరంబూర్‌లో మన సంపు ఎంతమ్మా!

అందుకే ఇవాళ్టి నుంచి నీళ్లు కాచండి. వేడెక్కితే చాలదు, కళపెళ మరిగాక ఒక నిమిషం అలాగే ఉంచి, మూతపెట్టి చల్లార్చండి. పళ్లు తోముకునేటప్పుడు పుక్కిలించే నీళ్లు, చిన్నోడి స్కూలు సీసాలో పోసేవి కూడా కాచినవే కావాలి. క్యాన్ నీళ్లని నమ్మి వదిలెయ్యొద్దు. ఫిల్టర్ కొనేటప్పుడు ఆర్వో ఉందా అని అడగమని అన్నయ్యకి చెప్పు. లేదంటే "1 మైక్రాన్ అబ్సల్యూట్" అని రాసి ఉండాలి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పెద్దవి దాన్ని దాటలేవని అర్థం, ఉత్తి "1 మైక్రాన్" అని ఉంటే వద్దు. క్యాట్రిడ్జ్ టైముకి మార్చాలి, పాతది తీసేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోవాలి.

ఇంకో మాట. చిన్నోడికి కడిగిన ప్రతిసారీ వదినా, నువ్వూ సబ్బుతో చేతులు కడుక్కోండి. వాడి నుంచి మీకూ అంటుకుంటుంది.

సంపు పక్కనే డ్రైనేజీ గొట్టం వెళ్తోంది కదా, గోడకి పగులు ఉందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. నీళ్లు తోడించి లోపల చూపించండి. ఖర్చు నేను పంపిస్తాను. శనివారం రాత్రి ఫోన్ చేస్తా, ఏం కనిపించిందో చెప్పు.

నీ కూతురు