బావా, మన డాబా ట్యూషన్ సంగతి

ఒరేయ్ బావా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పెరుంబాక్కం బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. "మన ట్యూషన్ ఇంకా నడుస్తోందా?" అన్నావు చూడు, దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

2015 డిసెంబరు 1 రాత్రి చెన్నైని ముంచిన వరద నీకు గుర్తుండే ఉంటుంది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారని తర్వాతెప్పుడో పేపర్లో చదివాం. ఆ తెల్లవారుజామున మాత్రం మన సైదాపేటలో అడయార్ నది ఒడ్డున ఉన్న ఇళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కున్నాం. పాల ప్యాకెట్లు, ఇడ్లీ పొట్లాలు, దుప్పట్లు మోశాం. నాలుగో రోజు ఒక ముసలమ్మ నీ చెయ్యి పట్టుకుని, "నాయనా, దుప్పట్లు నాలుగొచ్చాయి. రేషన్ కార్డు కొట్టుకుపోయింది, దాని సంగతి చూడండయ్యా" అంది. అప్పటిదాకా ఎవరికి ఏం కావాలో మనం అడగనే లేదు. ఆ మధ్యాహ్నమే నువ్వు బడి వరండాలో కూర్చుని అర్జీలు రాయడం మొదలుపెట్టావు. మన సంఘం పుట్టింది వరద రోజున అని అందరికీ చెబుతుంటాం గానీ, నా లెక్కలో అది పుట్టింది ఆ మధ్యాహ్నమే.

ఆ పదో తరగతి పిల్ల కూడా గుర్తుందా? తడిసిన నోటుబుక్కు కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి, తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసుకుంది. సిరా కారిపోయి అక్షరాలన్నీ నీలంగా అలుక్కుపోయాయి. వాటి మీదే పెన్సిలుతో మళ్ళీ దిద్దుకుంటోంది. ఆ పిల్ల కోసమే మా ఇంటివాళ్ళని బతిమాలి ట్యూషన్‌కి డాబా అడిగాం. మొదటి రోజు వచ్చింది 11 మంది.

నువ్వు హైదరాబాద్ వెళ్ళాక జరిగినవి నీకు పూర్తిగా తెలియవు. ఏటి ఒడ్డు కుటుంబాల్లో చాలామందిని చదువుల మధ్యలోనే పెరుంబాక్కం తరలించారు. ఇక్కణ్ణించి దాదాపు 20 కిలోమీటర్లు. ఎనిమిదంతస్తుల బిల్డింగులు, వరసగా, ఎటు చూసినా ఒకేలా ఉంటాయి. కూలి పనులు సైదాపేటలో, ఇల్లు అక్కడ. అమ్మానాన్నలు చీకటితో బస్సెక్కితే రాత్రికి గానీ రారు. పిల్లల్లో కొందరు బడి మానేశారు. మన డాబా మీద చాప ఖాళీ అయిపోయింది. శాఖ పెడదాం, పెద్దవాళ్ళమవుదాం అని ఎవరం అనుకోలేదురా. పిల్లలు అక్కడుంటే మనం ఇక్కడేం చేస్తాం అని బోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కాం, అంతే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో చందాలన్నీ నీ ఖాతాలోనే పడేవి, లెక్క అడిగితే అందరికీ మొహమాటం. 2019లో ట్రస్టుగా రిజిస్టరు చేయించాం. ఆ తర్వాత ట్రస్టుకీ దాతలకీ పన్ను మినహాయింపు వచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు. ఆడిటరు గారు మొదటి రోజే తేల్చి చెప్పారు, రసీదు లేకుండా రూపాయి కూడా పుచ్చుకోవద్దని. నగదుగా 2,000 దాటి ఇస్తే దాతకి పన్ను మినహాయింపు రాదని కూడా అప్పుడే తెలిసింది. ఎంత టెన్షన్ పడ్డామో! కానీ రసీదు పుస్తకం చేతికొచ్చాక మన వీధి కిరాణా కొట్టాయనే నెలనెలా పిలిచి మరీ ఇస్తున్నాడు. ఇంతకు ముందు ఆయన ఇవ్వనిది పిసినారితనం వల్ల కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

2020 లాక్‌డౌన్‌లో బియ్యం పంచాం, లెక్కల కాగితాలు జిరాక్సు తీసి ఇళ్ళకి చేర్చాం. అది అందరూ చేసిందే.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది. ఆ నోటుబుక్కు పిల్ల బీకాం చేసి ఉద్యోగం చేస్తోంది. శని, ఆదివారాలు పెరుంబాక్కంలో పాఠం చెప్పేది తనే. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం కదా, భిన్నాలు తమిళంలో చదివి తెలుగులో అడుగుతారు. మొన్న ఒకడు మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదని పట్టుబట్టాడు, నాలుగు పెద్ద అంకె కాబట్టి. తను వాదించలేదు. టిఫిన్ డబ్బా తీసి ఒక దోశ మూడు ముక్కలు, ఇంకోటి నాలుగు ముక్కలు చేసి, "ఏది కావాలి?" అంది. వాడు ఆకలి మీదున్నాడు, మూడు ముక్కల దోశ వైపే చెయ్యి చాచాడు. చాచినవాడు అలాగే ఆగిపోయి తన చేతివంక చూసుకున్నాడురా! నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడో కంపెనీ సీఎస్ఆర్ డబ్బు ఇస్తామంటోంది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజసేవకి ఖర్చుపెట్టాలన్న చట్టం ఉందిగా, అదే. ఏడాదిలో పది సెంటర్లు తెరవాలంటున్నారు. మనవాళ్ళలో సగం మంది సరేనంటున్నారు. నేను రెండే చాలన్నాను. ఆ పిల్లలాంటి మనిషి ఒక్కరు తయారవడానికి ఇన్నేళ్ళు పట్టింది. పదిమందిని జీతానికి పెడితే ఏ ఇంట్లో ఎవరు బడి మానేశారో వాళ్ళకెలా తెలుస్తుంది? నువ్వూ ట్రస్టీవే, నీ ఓటు కావాలి. నాతో ఒప్పుకోకపోయినా సరే, మనసులో ఉన్నది చెప్పు.

ఇంకో మాట. ఎనిమిదో తరగతి సైన్సు చెప్పడానికి మనిషి లేడు. నెలకి రెండు ఆదివారాలు వీడియో కాల్‌లో చెప్పగలవా? కుదురుతుందో లేదో బుధవారంలోపు చెప్పు, టైంటేబుల్ ఆ రోజే గోడకి అంటిస్తాం.

అత్తయ్యకి నా నమస్కారాలు.

నీ బావ