బూస్టర్ కొనేముందు రౌటర్ జరపండి

సంపాదకులకు,

దూరదర్శన్ రోజుల్లో డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు ‘వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది’ అని కేకలేసేవారు. సిగ్నల్ బాగా అందే చోటికి తామే జరిగే ‘కదిలే యాంటెన్నాల’ పరిశోధన సారం ఇంచుమించు అదే. తిప్పే పని మోటారుకో, ద్రవ లోహానికో అప్పగిస్తారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కై-కిట్ వాంగ్ ‘ద్రవ యాంటెన్నా’ మీద చాలా పనిచేశారు. అయితే నడిచే మనిషి ఫోన్‌కు మోటారు అక్కరకు రాదు. అది మంచి చోటు వెతికేలోపు మనిషి ముందుకు వెళ్లిపోతాడు. ఉన్నచోటే ఉండే ఇంటి రౌటర్‌కైతే పనికొస్తుంది, దానికి మన చెయ్యి చాలు.

గదిలోకి తరంగం నేరుగా ఒకటి, గోడకూ బీరువాకూ తగిలి మరికొన్ని వస్తాయి. ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 3.5 గిగాహెర్ట్జ్ 5జీ తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు. ఎదురెదురు తరంగాలైతే శిఖరానికీ గోతికీ మధ్య దూరం అందులో నాలుగో వంతు, అంటే రెండు సెంటీమీటర్ల పైచిలుకే! 5జీ ఛానెల్ వెడల్పైనది, రౌటర్ లోపల యాంటెన్నాలూ ఒకటికి మించి ఉంటాయి కాబట్టి సిగ్నల్ పూర్తిగా గోతిలో పడదు గానీ, కొన్ని డెసిబెళ్ల తేడా మామూలే. మూడు డెసిబెళ్లు పెరిగిందంటే సిగ్నల్ శక్తి రెట్టింపైనట్టు.

సిమ్ రౌటర్ (టవర్ సిగ్నల్ అందుకుని వైఫైగా పంచేది) ఉంటే సెట్టింగుల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టమో చెప్పే అంకె) చూడండి, సిగ్నల్ గీతలను నమ్మొద్దు. కిటికీ దగ్గర పెట్టి రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ, ప్రతిసారీ దూరంగా నిలబడి (ఒంట్లో నీరే కొలత మార్చేస్తుంది) 20 సెకన్లాగి అంకెలు రాసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 95 కన్నా మైనస్ 85 మేలు. కానీ రెండు అంకెలకూ పేచీ వస్తే ఎస్‌ఐఎన్‌ఆర్ మాటే వినండి. పక్క టవర్ గోల కలిసిందంటే సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా వేగం రాదు.

రౌటర్ మీది వైఫై యాంటెన్నా పుల్ల కొనను ఫోన్ వైపు చూపించేవారు చాలామంది. కొన నుంచే అతి తక్కువ వెలువడుతుంది, పక్కల నుంచే ఎక్కువ. పై అంతస్తుకు కావాలంటే పుల్లను పడుకోబెట్టాలి. యాంటెన్నాను డాబా మీదికి పంపుదామని ఆర్‌జీ-58 అనే సన్నని యాంటెన్నా కేబుల్ లాగితే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తినేస్తుంది. ఐదు మీటర్లకు మిగిలేది సిగ్నల్‌లో మూడో వంతు.

బయటి సిగ్నల్‌ను పెంచి ఇంట్లోకి వదిలే మొబైల్ బూస్టర్, అనుమతి లేనిదైతే దాని జోలికి పోవద్దు. అది చట్టవిరుద్ధం. పైగా దాని లోపలి, బయటి యాంటెన్నాలు దగ్గరైతే మైకు కీచుమన్నట్టు తనలో తానే మోగి, టవర్‌కే అడ్డం పడుతుంది.

ఇంటికొచ్చి రౌటర్ బిగించే కుర్రాళ్లు టీవీ పక్కన పెట్టేసి వెళ్తున్నారు. బిగించిన చోట వచ్చిన ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అంకెలు రెండింటినీ రసీదు మీద రాసివ్వడాన్ని కంపెనీలు తప్పనిసరి చేయాలి.

– ఒక రేడియో ఇంజినీరు, విజయవాడ