కొలిచి చూస్తేనే సైన్సు

సంపాదకుడికి,

వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో వోల్టేజీ పడిపోయి బోరు మోటార్లు కాలిపోవడం రైతులకు తెలిసిన బాధే. పంపుపై భారం తగ్గదు కనుక మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, కరెంటు 20 శాతం పెరిగితే మోటారులోని తీగచుట్టలో (వైండింగులో) వేడి 44 శాతం పెరుగుతుంది. ఈ సూత్రం పదో తరగతి పుస్తకంలోనే ఉంది. చాలా బడుల్లో అది నల్లబల్ల దాటి రావడం లేదు.

దానికి తొలిమెట్టు ఓమ్ నియమం, అంటే వోల్టేజీ పెరిగేకొద్దీ కరెంటు అదే నిష్పత్తిలో పెరగడం. దాన్ని పిల్లల చేతికివ్వడానికి మూడు 1.5 వోల్టుల సెల్లులు, పావు వాట్ తట్టుకునే 100 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే నిరోధకం), వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ చాలు. ఒక్కో సెల్లు కలిపేకొద్దీ 15, 30, 45 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూగా రీడింగులు వస్తాయి. వోల్టేజీకి, కరెంటుకు గ్రాఫు గీస్తే సరళరేఖ. నాలుగో సెల్లు వద్దు, అప్పుడు వేడిగా మారే 0.36 వాట్లను ఆ రెసిస్టర్ తట్టుకోలేదు. కరెంటు కొలిచేటప్పుడు మీటరు శ్రేణిలోనే, అంటే రెసిస్టర్‌తో ఒకే వరుసలో ఉండాలి. పిల్లలు తొందరలో సెల్లుకు సమాంతరంగా పెడతారు. అప్పుడు మీటరు నిరోధం దాదాపు సున్నా కాబట్టి లోపలి ఫ్యూజు పోతుంది. పోతే పోనివ్వండి, విడి ఫ్యూజులు రెండు దగ్గరుంచుకోండి. ఎందుకు పోయిందో మాత్రం వాళ్లతోనే చెప్పించండి.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సుకైనా, వరంగల్ ఎన్‌ఐటీకైనా ఈ అలవాటే పెట్టుబడి. ప్రతి ఉన్నత పాఠశాలలో వారానికి రెండు పీరియడ్లు ప్రయోగాలకే కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాం.

– భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, హనుమకొండ