2024-25 వార్షిక నివేదిక: నోట్‌బుక్‌లో రాసిన హాజరు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన భవన నిర్మాణ కార్మికుల సంఘం ఏం చేసిందో మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పుస్తకం సభలో ఉంటుంది, ఎవరైనా తిరగేసి చూడొచ్చు. ఈ ఏడాది లేబర్ ఆఫీసు చుట్టూ తిరగడానికే ఎక్కువ రోజులు పట్టాయి కాబట్టి ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

వానాకాలంలో ఒక అపార్ట్‌మెంట్ పని దగ్గర మనవాళ్లు ఏడుగురికి 23 రోజుల కూలి ఆగిపోయింది. స్లాబు పడిన మర్నాటి నుంచి కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తలేదు. బిల్డర్‌ని అడిగితే "మీరెవరో నాకు తెలీదు, మీ మేస్త్రీని అడగండి" అన్నాడు. మేస్త్రీకి రావాల్సిందీ రాలేదు. పని చేసినట్టు ఒక్క కాగితమైనా లేదే అని అందరికీ టెన్షన్. అప్పుడు వాళ్లలో ఒక అక్క తన కొడుకు లెక్కల నోట్‌బుక్ పట్టుకొచ్చింది. చివరి పేజీల్లో వరసగా తేదీలు, ఒక్కో తేదీ పక్కన ఏడు గీతలు. సగం పూట చేసినవాళ్లకి పొట్టి గీత. సిమెంటు చేతులు తగిలి పేజీల అంచులు బిరుసెక్కాయి. ఆ పేజీలే జిరాక్స్ తీసి అర్జీకి జతచేశాం.

ఏఎల్ఓ (సహాయ కార్మిక అధికారి) గారు కాంట్రాక్టర్‌కీ బిల్డర్‌కీ నోటీసులు పంపారు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే పని అప్పగించిన యజమానే కట్టాలని అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. ఆ మాట అధికారి నోట విన్నాక బిల్డర్ గొంతు తగ్గింది. మూడో విచారణ వాయిదాకి ఏడుగురి డబ్బూ వచ్చింది. అక్క నోట్‌బుక్ లేకపోతే ఆ అర్జీ నిలబడేది కాదని నా నమ్మకం.

రెండో సంగతి చెప్పడానికి మనసొప్పడం లేదు. సెంట్రింగ్ పని చేసే తమ్ముడొకడు గోవా కర్రల (పరంజా) మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. భవన కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే లేబర్ కార్డు గడువు తీరిపోయినా రెన్యూవల్ చేయించుకోలేదు. బోర్డు పూర్తి సాయం సభ్యత్వం నడుస్తున్నవాళ్లకే. వెంటపడి చేయించాల్సిన బాధ్యత మా కమిటీది, మేం చేయలేదు. అయితే కార్డు లేనంత మాత్రాన అన్ని దారులూ మూసుకుపోవు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం కింద యజమాని నుంచి పరిహారం అడిగే వీలుండేది, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కేసు వేయాల్సి ఉండేది. వేశాం, విచారణ నడుస్తోంది.

బోర్డు డబ్బు ఎవరో పెట్టే దానం కాదు. 1996 నాటి సెస్సు చట్టం ప్రకారం కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు (ప్రత్యేక పన్ను) వసూలయ్యేది. మనం మోసిన ఇటుక మీద వచ్చిన డబ్బది.

కనీస వేతనం మీద లేబర్ కమిషనర్ గారికి వినతిపత్రం ఇచ్చాం. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యం మారుతోంది, సరే. అసలు వేతనాన్ని ఐదేళ్లలోపు సవరించాలని చట్టంలో ఉన్నా మన రంగంలో ఆ పని జరగలేదు. కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద ఆడవాళ్లకి కూలి తక్కువ ఇవ్వడం గురించీ అందులో రాశాం. ఒకే తట్ట, ఒకే మెట్లు, అయినా కూలి తేడా. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ముందుగా మన మేస్త్రీలే ఈ తేడా ఆపాలని సంఘం తీర్మానించింది.

పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త లేబర్ కోడ్‌ల గురించి చాలామంది అడుగుతున్నారు. పార్లమెంటు 2019లో ఒకటి, 2020లో మూడు ఆమోదించింది. ఈ నివేదిక ఏడాది ముగిసేనాటికి అవి అమల్లోకి రాలేదు, మన కేసులన్నీ పాత చట్టాల కిందే నడిచాయి.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్నే అడ్డా దగ్గర కార్డుల క్యాంపు పెడుతున్నాం. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు రావాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాత కార్డు ఉంటే అదీ తెచ్చుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ హాజరు రాసుకోవడానికి సంఘం తరఫున ఒక నోట్‌బుక్, ఒక పెన్ను ఇస్తాం.

మీ కార్యదర్శి