మాయమ్మ కువైట్ నుంచి ఇంటికొచ్చింది, అందరికీ వందనాలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. చానా మంది ఫోన్లు చేస్తున్నారు, వాట్సాప్‌లో అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. మాయమ్మ వచ్చేసింది. 2024 జూన్‌లో ఆమ్నెస్టీ (పేపర్లు లేనోళ్లకు సర్కారు ఇచ్చే క్షమాభిక్ష) గడువు అయిపోకముందే చెన్నైలో దిగింది, అక్కడి నుంచి కడపకు బండి మాట్లాడుకోని తెచ్చుకున్నాం. మనిషి బాగా చిక్కిపోయింది, షుగర్ వచ్చింది, మోకాళ్ల నొప్పులు, కానీ నోరు మాత్రం అదే నోరు, ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే పప్పులో ఉప్పెక్కువైందని చెల్లిని అరిచింది, మేమంతా ఏడుస్తానే నవ్వినాం.

తెలియనోళ్ల కోసం కొంచెం వెనక్కి పోయి చెప్తా. నాయన పోయినాక అప్పులు తీర్చడానికి అమ్మ ఖాదిం వీసా, అంటే ఇంటి పని వీసా మీద కువైట్ పోయింది. మన పక్క ఇదేం కొత్త కాదు కదా, సిద్దవటం, ఒంటిమిట్ట, రాజంపేట వైపు ఏ పల్లెలో అడిగినా కువైట్లో ఉన్నోళ్ల పేర్లు చెప్తారు. ఏజెంటు రెండేళ్లే అమ్మా అన్నాడు, పిల్లల మీద ఒట్టేసి మరీ చెప్పినాడు. అక్కడ మొదటి ఇంట్లో కొన్నాళ్లు జీతం ఇచ్చి ఆపేసినారు, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చేతిలో, అడిగితే తిట్లు. తట్టుకోలేక ఆ ఇల్లు వదిలేసి బయటపడింది, వాళ్లు పారిపోయిందని అబ్‌స్కాండింగ్ కేసు పెట్టినారు. ఇంగ అకామా (అక్కడ ఉండేదానికి పర్మిట్) లేదు, చెకింగ్ అంటే వణుకు, రోజుకు 2 దినార్ల లెక్కన ఫైను పెరిగి పెరిగి 600 దినార్ల దాకా పోయేది అప్పట్లో, అంత లెక్క మా దగ్గర యాడిది? ఒక రూములో మన తెలుగు ఆడవాళ్లతో కలిసి ఉండి, గంటల లెక్కన ఇండ్లల్లో పని చేసుకుంటా మాకు పంపించింది. చెల్లి చదువు ఆ డబ్బుల మీదే నడిచింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. మా చర్చిలో ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు ఇస్తారు, చానా చర్చిల్లో ఉండేదే. అమ్మ కువైట్ పోయిన ఏడు మా ఇంటికి వచ్చింది యిర్మీయా 29:11, మీ గురించి నాకున్నవి సమాధానపు ఉద్దేశాలే గానీ హాని చేసేవి కావు అనే వచనం. అవ్వ దాన్ని బీరువా అద్దానికి అంటించింది. ఆ వచనం మీ ఇండ్లల్లో కూడా యాడో ఒకచోట ఉండే ఉంటుంది, క్యాలెండర్ మీదో, పెండ్లి పత్రిక మీదో, ఆటో వెనకాలో. కానీ దాని ముందున్న 10వ వచనం ఎవరూ అచ్చేయరు. బబులోనుకు 70 ఏండ్లు నిండినాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తా అని, అక్కడికి చెరపట్టుకుపోయిన యూదులకు దేవుడు చెప్పింది అందులో ఉంది. 70 ఏండ్లు అని కార్డు మీద వేస్తే కొత్త సంవత్సరం పూట ఎవరు తీసుకుంటారులే.

ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయంలోకి పోతే హనన్యా అని ఒక ప్రవక్త ఉంటాడు. బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడి తీసి అందరి ముందర విరగ్గొట్టి, రెండేళ్లలో బబులోను కాడి ఇట్లే విరిగిపోతుంది అని, దేవుడు పంపకపోయినా దేవుని పేరు మీద చెప్తాడు. ఆ రోజు గుడిలో ఉన్న జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుంది చెప్పండి. మా ఏజెంటు కూడా రెండేళ్లే అన్నాడు అని అమ్మ ఒకసారి ఇమో కాల్‌లో చెప్పి నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు, ఎందుకంటే అప్పటికే ఒక బోధకుడు మాకు ఫోన్ చేసి, ఈ క్రిస్మస్‌కు మీ అమ్మ ఇంట్లో ఉంటుంది, ప్రభువు నాకు చూపించినాడు అని చెప్పినాడు, అవ్వ కోళ్లమ్మిన డబ్బు కానుకగా పంపించింది. ఆ క్రిస్మస్ పోయింది, దాని తర్వాతదీ పోయింది. ఆయనెవరో నేను చెప్పను, మీరూ అడగొద్దు.

అప్పుడు చెల్లి దేవుడు మాట తప్పినాడు అని అన్నం తినకుండా కూర్చుంది. అవ్వ చెప్పింది, ఆ మాట దేవుడు చెప్పలేదు పాపా, ఆయప్ప చెప్పినాడు అని. మా అవ్వ చదువుకోలేదు, వచనాలన్నీ విని నేర్చుకున్నదే. దేవుడు అబద్ధమాడడానికి మనిషి కాదు అని సంఖ్యాకాండం 23లో ఉండేది ఆమె నోట్లో ఎప్పుడూ ఉండేది. ఆ మాట అన్నది ఎవరో తెలుసా, జీతానికి శపించడానికి వచ్చిన బిలాము, వాడి నోటితోనే దేవుడు అనిపించినాడు. అవ్వ మాటతో నాకు ఒకటి పట్టుబడింది, దేవుడు ఇచ్చిన మాటకు, ఆయన పేరు చెప్పి మనుషులు పెట్టిన తారీఖుకు తేడా ఉంది. ఈ తేడా తెలియక మా ఊర్లో విశ్వాసం వదిలేసినోళ్లని చూసినా, వాళ్లని తప్పు పట్టబుద్ధి కాదు, వాళ్లని మోసం చేసింది దేవుడు కాదు.

మరి ఆ 29వ అధ్యాయంలో దేవుడు ఇచ్చిన మాట ఏంది? అది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని పంపించిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంటుంది. మీరు మొర పెడితే వింటా, మనసారా వెతికితే నేను మీకు దొరుకుతా అని ఉంటుంది. తిరిగి రావడం కూడా ఉంది, కానీ దొరుకుతా అనే మాటకు 70 ఏండ్లు ఆగాల్సిన పని లేదు. బబులోను ఉన్నది ఇప్పటి ఇరాక్‌లో, కువైట్ దాని పక్కనే. అమ్మ ఆ ఉత్తరం నాకే రాసినట్టు ఉందే అనేది. తను పనికిపోయే ఇంట్లో ఒక ముసలామె మంచం మీద ఉంటే ఆమె కోసం ప్రార్థన చేసేది, వాళ్ల దేశం బాగుండాల అనేది, నాకు కోపం వచ్చేది, నిన్ను ఇంత బాధ పెట్టినారు కదా వాళ్ల కోసం ఏం ప్రార్థన అని. రాసుంది కదా మే, చేయాల, అనేది అంతే.

అవ్వ పోయినప్పుడు అమ్మ రాలేకపోయింది. మట్టి వేసేది చెల్లి ఫోన్‌లో చూపించింది, సిగ్నల్ మధ్య మధ్యలో తెగిపోతా ఉండింది. దీని గురించి ఎక్కువ రాయలేను. హెబ్రీ 11:13లో వాళ్లంతా వాగ్దానాల ఫలం అందుకోకుండానే దూరం నుంచి చూసి వందనం చేసి చనిపోయినారు అని ఉంది. అబ్రాహాము ఇల్లు వదిలింది 75 ఏండ్లకు, ఇస్సాకు పుట్టింది 100 ఏండ్లకు. అంత పెద్ద దేశం ఇస్తా అని మాట తీసుకున్నోడు, శారా చనిపోతే సమాధి కోసం 400 తులాల వెండి పెట్టి పొలం, గుహ కొనుక్కోవాల్సి వచ్చింది. అయినా నమ్మినాడు. మా అవ్వ కూడా ఆ లెక్కలోకే వస్తుంది అని నా నమ్మకం.

2024 మార్చి 17న కువైట్ సర్కారు ఆమ్నెస్టీ ఇచ్చింది, ఫైను లేకుండా దేశం వదిలిపోవచ్చు అని. ముందు జూన్ 17 దాకా అన్నారు, తర్వాత 30 దాకా పెంచినారు. మా పాస్టర్ అయ్యగారు ఆ ఆదివారం ఎజ్రా మొదటి వచనం చదివినారు, యిర్మీయా ద్వారా చెప్పిన మాట నెరవేరడానికి పారసీక రాజు కోరెషు మనసును దేవుడు ప్రేరేపించినాడు అని. కోరెషుకు యెహోవా ఎవరో తెలియదు, యెషయా 45లోనే ఉంది నువ్వు నన్ను ఎరగకపోయినా అని. ఆజ్ఞ ఇచ్చింది ఆయనే, జనం ఇంటికి పోయినారు. నేను చర్చిలో కూర్చోని ఒకటే ఏడుపు.

ఇంగ వందనాలు. ప్రతి శుక్రవారం కూడికలో అమ్మ పేరు మర్చిపోకుండా తలుచుకున్న కువైట్ తెలుగు సంఘం అక్కలకు (అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే ఆరాధన), టికెట్ డబ్బులు తలా కొంచెం వేసి కొన్నది మీరే. పాస్‌పోర్టు లేకపోతే ఎంబసీలో అవుట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇంటికొచ్చేదానికి ఇచ్చే పేపరు) ఎట్లా తీసుకోవాలో చెప్పి, కేసు పని మీద ఆఫీసుల చుట్టూ తన కార్లో తిప్పి, పెట్రోలుకు కూడా రూపాయి తీసుకోని రాయచోటి అన్నకు. అన్నా, నువ్వు నమాజుకు పోయే ముందర కూడా అమ్మను ఏమన్నా తిన్నావా అని అడిగినావంట, అమ్మ వచ్చినప్పటి నుంచి నీ పేరే చెప్తాంది, సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికి రాకపోతే ఊరుకోము. మా పల్లె సంఘంలో ఉపవాస ప్రార్థన చేసిన స్త్రీలకు, అవ్వ సమాధి కాడ అన్నీ దగ్గరుండి చూసుకున్న మా పక్కింటి మామకు. టికెట్ లెక్క వద్దన్నా మేం నెల నెలా పంపిస్తాం, అది అమ్మ మాట, కాదనొద్దు.

వచ్చే ఆదివారం ఆరాధన అయినాక చర్చి దగ్గర కృతజ్ఞత భోజనాలు పెడుతున్నాం, సంగటి, కోడి కూర, అందరూ రండి. అమ్మ సాక్ష్యం చెప్తా అంటోంది, మైకు ఇస్తే వదలదు అని అయ్యగారికి ముందే చెప్పినా.

ఇంకొకటి. అమ్మతో పాటు ఆ రూములో ఉన్న ఒక అక్క ఇంకా అక్కడే ఉండిపోయింది, బద్వేలు పక్క ఊరు, గడువు లోపల ఆమె పేపర్లు కాలేదు. ఎంబసీలో గానీ ఏపీఎన్‌ఆర్‌టీలో (బయట దేశాల్లో ఉండే ఆంధ్రావాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టిన సంస్థ) గానీ తెలిసినోళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, వివరాలు పంపిస్తా. ప్రార్థనలో కూడా పెట్టుకోండి.